ప్రపంచ దేశాల ఆరోగ్య మంత్రులకు: ఎండకు పోయిన ప్రాణాలను లెక్కలో రాయించండి

అయ్యా, అమ్మా,

నేను అత్యవసర విభాగంలో పనిచేసే వైద్యురాలిని. భూమి వేడెక్కడం గురించి మీకు చెప్పడానికి చాలామంది ఉన్నారు. వాళ్ల దగ్గర ఉపగ్రహ చిత్రాలు, మంచు పొరల కొలతలు ఉంటాయి. నా దగ్గర ఉన్నవి మరణ ధ్రువపత్రాలు. వాటి మీద నా చేత్తో రాసిన ఒక మాట గురించే ఈ ఉత్తరం.

‘గుండె ఆగిపోవడం’ అని రాస్తాం మేము. అబద్ధమేమీ కాదు, గుండె ఆగకుండా ఎవరూ చనిపోరు. వడగాలులు మొదలైన నాలుగో రోజు ఒక పెద్దావిడను తీసుకొచ్చారు. ఒంటరి మనిషి. పైకప్పుకు ఆనుకుని ఉన్న చిన్న గది, రాత్రిళ్లు కూడా భయంతో తలుపు మూసుకునే పడుకునేదట. ఒళ్లు ముట్టుకుంటే కాలిపోతోంది, చెమట చుక్క లేదు. అరగంట కూడా మా చేతుల్లో నిలవలేదు. ఆవిడకు గుండెజబ్బు ఎప్పటినుంచో ఉందని వెంట వచ్చిన పొరుగావిడ చెప్పింది. పత్రంలో నేను అదే రాశాను. ఆ నాలుగు రోజుల వేడి ఆ కాగితంలో ఎక్కడా లేదు. ప్రభుత్వ లెక్కల్లో ఆవిడ గుండెజబ్బుతో పోయిన మనిషి. ఆ తప్పు నాది, ఇప్పటికీ నన్ను వదల్లేదు. తోటి వైద్యులతో మాట్లాడిన ప్రతిసారీ మాత్రం, అలాంటి పత్రాలు రాసింది నేనొక్కదాన్నే కాదని తెలుస్తూనే ఉంది.

మిమ్మల్ని అడిగేది ఇదీ: ఎండకు పోయిన ప్రాణాన్ని ఎండకు పోయినట్టే రాయించండి. ఆ లెక్క చేతపట్టుకుని వాతావరణ చర్చల్లో కూర్చోండి.

ముందు ఒంటి సంగతి చెబుతాను, ఎందుకంటే చర్చల్లో అందరూ భూమి సగటు ఉష్ణోగ్రత గురించే మాట్లాడతారు. సగటు ఉష్ణోగ్రతకు ఎవరూ చనిపోరు. ఒక గదిలో, ఒక రాత్రి, ఒక మనిషి ఒంట్లో పెరిగిన వేడికి చనిపోతారు. లోపలి వేడి 37 డిగ్రీల దగ్గర నిలబడితేనే మన శరీరం సవ్యంగా నడుస్తుంది. బయట వేడి పెరిగితే దానికున్న దారులు రెండే. రక్తాన్ని చర్మం దగ్గరికి పంపి వేడిని బయటికి వదలడం ఒకటి. అందుకు గుండె వేగంగా, బలంగా కొట్టుకోవాలి. జబ్బుపడిన గుండె అక్కడే ఓడిపోతుంది. చెమట పట్టించడం రెండోది. చెమట కారితే చాలదు, ఆరాలి. ఆరేటప్పుడే అది ఒంట్లోని వేడిని తీసుకుపోతుంది. గాలి నిండా తేమ ఉంటే చెమట ధారలు కడుతుంది గానీ ఆరదు. గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కిన కొద్దీ సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. అంటే భూతాపం మనల్ని వేడితోనూ కొడుతుంది, ఆ వేడి నుంచి తప్పించుకునే దారినీ మూసేస్తుంది.

థర్మామీటరు కొసకు తడిగుడ్డ చుట్టి, గాలి తగలనిచ్చి కొలిస్తే వేడీ తేమా రెండూ కలిసి ఎంత కష్టపెడుతున్నాయో తెలుస్తుంది. దాన్ని వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అంటారు. అది 35 డిగ్రీలు దాటితే ఎంత ఆరోగ్యవంతుడైనా, నీడలో కదలకుండా కూర్చుని ఎన్ని నీళ్లు తాగినా, కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని 2010లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. తర్వాత అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వారు ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులను వేడి గదిలో ఉంచి స్వయంగా కొలిచి చూశారు. 2022లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, తేమ ఎక్కువున్న గాలిలో వెట్ బల్బ్ 31 డిగ్రీల దగ్గరే వాళ్ల ఒంటి వేడి అదుపు తప్పింది. వాళ్లు పడుచువాళ్లు. మా దగ్గరికి వచ్చేవాళ్లు డెబ్బై దాటినవాళ్లు, ఒంట్లో నీటిని తోడేసే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, చెమటను తగ్గించే మానసిక వ్యాధుల మందులు వాడేవాళ్లు, నిండు గర్భిణులు. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పు సుమారు 5 శాతం పెరుగుతోందని, ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2020లో చెప్పింది.

ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మాట తడబడటం మొదలైతే అది వడదెబ్బ. పేగు గోడలు బలహీనపడి లోపలి బ్యాక్టీరియా విషాలు రక్తంలో కలుస్తాయి. రక్తం గడ్డకట్టే తీరు చెడిపోతుంది. కాలేయం, కిడ్నీలు, మెదడు వరసగా దెబ్బతింటాయి. అరగంటలోపు మనిషిని చన్నీటిలో ముంచగలిగితే చాలామంది బతుకుతారు. దానికి కావలసింది ఒక తొట్టి, మంచుగడ్డలు, ఆ పని ముందే నేర్చుకున్న నాలుగు చేతులు. ఇంత చిన్న ఏర్పాటు కూడా లేని అత్యవసర విభాగాల్లో నేను పనిచేశాను. ఆ తొట్టి కొనమని అడిగితే, ‘వడదెబ్బ కేసులు మీ దగ్గర ఏడాదికి ఎన్ని?’ అని అడిగారు. రిజిస్టర్ తీసి చూస్తే రెండు. మిగతావన్నీ గుండెజబ్బులు, కిడ్నీ జబ్బులు, ‘స్పృహ కోల్పోవడం’. మేం రాసిన రాతలే మాకు తొట్టి రాకుండా చేశాయి.

లెక్క అనేది కేవలం కాగితం కాదని నాకు ఆ రోజు అర్థమైంది.

2003 వేసవిలో యూరప్‌ను వడగాలులు చుట్టుముట్టాయి. మామూలు సంవత్సరాల్లో ఎంతమంది చనిపోతారో చూసి, ఆ వేసవిలో అంతకంటే ఎంతమంది ఎక్కువ పోయారో తీస్తే 70 వేలు దాటింది. ఒక్క ఫ్రాన్స్‌లోనే సుమారు 15 వేలు. పారిస్‌లో శవాగారాలు చాలక శీతల గిడ్డంగులను వాడుకోవలసి వచ్చింది. ఆ లెక్క బయటికి వచ్చింది కాబట్టే 2004లో ఆ దేశానికి వడగాలుల ప్రణాళిక వచ్చింది. అహ్మదాబాద్‌లో 2010 మే నెలలో మామూలు కంటే 1,344 మంది ఎక్కువ చనిపోయారని తేలాక, 2013లో దక్షిణాసియాలోనే మొదటి వడగాలుల కార్యాచరణ ప్రణాళిక అక్కడ మొదలైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, కాలిన చేతులను లెక్కపెట్టారు కాబట్టి ఆకులైనా దొరికాయి.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది కెనడాలోని బ్రిటిష్ కొలంబియా లెక్క. 2021 జూన్ చివర్లో అక్కడి లిట్టన్ అనే చిన్న ఊళ్లో 49.6 డిగ్రీలు నమోదైంది. మర్నాడే కార్చిచ్చు వచ్చి ఆ ఊరు దాదాపుగా బూడిదైంది. ఆ వారంలో జరిగిన మరణాలను విచారణాధికారులు ఒక్కొక్కటిగా పరిశీలించి 619 మంది వేడి వల్లే చనిపోయారని తేల్చారు. అందులో 98 శాతం మంది పోయింది నాలుగు గోడల మధ్య. సగానికి పైగా ఒంటరిగా బతుకుతున్నవాళ్లు. ‘ఎండలో తిరగకండి’ అని మనం చేసే హెచ్చరికలు వాళ్లకు ఏ మేలూ చేయలేదన్నమాట. వాళ్లు ఎండలో తిరగలేదు. ఇంట్లోనే ఉన్నారు, ఆ ఇల్లే వేడెక్కింది. గదిలో వేడి 40 డిగ్రీలు దాటాక ఫ్యాను కూడా మనిషిని ఇంకా వేడెక్కిస్తుంది. తలుపు తట్టి చూసేవాళ్లు కావాలి, చల్లటి గదికి తీసుకెళ్లేవాళ్లు కావాలి. మరణాన్ని ఓపికగా చదివితే ఇంత తెలుస్తుంది. నేను రాసిన ‘గుండె ఆగిపోవడం’ నుంచి ఏం తెలుస్తుంది?

2000 నుంచి 2019 వరకు ఏటా సుమారు 4 లక్షల 89 వేల మంది వేడి కారణంగా చనిపోయారని పరిశోధకుల అంచనా. 2021లో వచ్చిన మరో అధ్యయనం 43 దేశాల సమాచారం తీసుకుని, 1991 నుంచి 2018 వరకు జరిగిన వేసవి వేడి మరణాల్లో 37 శాతం మనుషులు తెచ్చిన వాతావరణ మార్పు వల్లేనని చెప్పింది. నూటికి 37 మంది! ఆఫ్రికాలో చాలా భాగం, దక్షిణాసియాలో చాలా భాగం ఆ అధ్యయనంలో లేవు, అక్కడి నుంచి తగిన మరణాల సమాచారం దొరకలేదు. ఎండ ఎక్కువగా కాసే చోట్లే పుస్తకాలు ఖాళీగా ఉన్నాయి. ఇవి కాకిలెక్కలని ఎవరైనా తోసిపారేయాలనుకుంటే, ఆ అవకాశం ఇస్తున్నది మనమే.

పనివాళ్ల గురించి ఒక్క మాట. ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు నరికే యువకుల కిడ్నీలు పాడైపోతున్నాయని రెండు దశాబ్దాలకు పైగా తెలుసు. షుగరు, బీపీ లేని మనుషులకు ముప్ఫై, నలభై ఏళ్లకే డయాలసిస్. ఎర్రటి ఎండలో గంటల తరబడి ఒళ్లు విరిచే పని, ఒంట్లో నీరు ఇంకిపోవడం, రోజు తర్వాత రోజు అదే. ప్రపంచంలో 240 కోట్ల మంది శ్రామికులు పనిలో తీవ్రమైన వేడికి గురవుతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో చెప్పింది. వాళ్లకు కావలసినవి నీడ, నీళ్లు, మధ్యమధ్య విశ్రాంతి. విశ్రాంతి తీసుకుంటే కూలి పోతుందంటే ఏ మనిషీ ఆగడు. అది కార్మిక శాఖ పని అని మీరు అనొచ్చు. వాళ్ల కిడ్నీలు మాత్రం మీ శాఖ పరిధిలోనివే.

నేను మనుషుల వైద్యురాలినే గానీ, ఈ వేడి జంతువులకు చేసింది చదివినప్పుడు మా వార్డే గుర్తొచ్చింది. 2018 నవంబరులో ఆస్ట్రేలియా ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో రెండు రోజుల వేడికి సుమారు 23 వేల గబ్బిలాలు చెట్ల మీద నుంచి రాలిపడ్డాయి. కళ్ల చుట్టూ లేతరంగు వలయాలుండే ఆ జాతిలో దాదాపు మూడో వంతు అలా పోయింది. 2015 మే నెలలో కజకిస్తాన్ మైదానాల్లో సైగా అనే జింకలు మూడు వారాల్లో 2 లక్షలకు పైగా చనిపోయాయి. వాటిని చంపింది బయటి నుంచి వచ్చిన రోగం కాదు. వాటి గొంతులో ఎప్పుడూ హాని చేయకుండా ఉండే ఒక బ్యాక్టీరియా, మామూలు కంటే ఎక్కువ ఉక్కపోత పట్టిన రోజుల్లో రక్తంలోకి పాకింది. మన ఒంట్లో కూడా అలా కోట్ల సూక్ష్మజీవులు మనతో సర్దుకుని బతుకుతున్నాయి. సైబీరియాలోని యమాల్ ద్వీపకల్పంలో 2016 వేసవిలో శాశ్వత మంచు కరిగి, దశాబ్దాలుగా నేలలో నిద్రపోయిన ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక వ్యాధి బ్యాక్టీరియా బయటపడింది. వేలాది రెయిన్‌డీర్‌లతో పాటు ఒక పిల్లవాడు కూడా చనిపోయాడు. సముద్రాల్లో పగడపు దిబ్బలు తెల్లబడిపోతున్నాయి. చరిత్రలో నాలుగోసారి ప్రపంచవ్యాప్తంగా అవి పాలిపోతున్నాయని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. భూమి పట్టుకున్న అదనపు వేడిలో 90 శాతం దాకా మింగింది ఆ సముద్రాలే. పర్యావరణం వేరు, ఆరోగ్యం వేరు అని శాఖలు విడగొట్టింది మనం. వేడికి ఆ విభజన తెలియదు.

దోమకు కూడా తెలియదు. దోమ ఒంట్లో డెంగీ వైరస్, మలేరియా పరాన్నజీవి ఎదగడానికి తగినంత వెచ్చదనం కావాలి. చలి ఉన్న చోట అవి ఎదిగేలోపే దోమ ఆయువు తీరిపోయేది. కొండ ప్రాంతాలకు అదే రక్షణగా ఉండేది. నేపాల్‌లో మొదటి డెంగీ కేసు కనబడింది 2004లో. 2022 ఒక్క ఏడాదిలోనే అక్కడ 50 వేలకు పైగా కేసులు వచ్చాయి. 2024లో ప్రపంచం మొత్తం మీద నమోదైన డెంగీ కేసులు కోటీ 40 లక్షలు దాటాయి, అంతకుముందు ఎన్నడూ లేనంత. పాకిస్తాన్‌లో 2022 వరదలకు 1,700 మందికి పైగా చనిపోయారని వార్తల్లో చూశాం. నీళ్లు తీశాక ఏం జరిగిందో చూసినవాళ్లు తక్కువ. అంతకుముందు ఏడాది సుమారు 4 లక్షలున్న మలేరియా కేసులు ఆ ఏడాది 16 లక్షలకు చేరాయి. వరద మృతుల జాబితాలో ఆ జ్వరాలకు పోయినవారు ఉండరు.

పొగ సంగతీ అంతే. 2019–20లో ఆస్ట్రేలియా కార్చిచ్చుల మంటల్లో చనిపోయినవారు 33 మంది. ఆ పొగ పీల్చి అదనంగా చనిపోయినవారు 417 మంది అని తర్వాత పరిశోధకులు అంచనా కట్టారు. కంటికి కనిపించిన ఒక్కో మరణానికి వెనక పన్నెండు కనిపించనివి. లండన్‌లో ఒక చిన్నారి మరణానికి వాయు కాలుష్యం కూడా కారణమని ఒక విచారణాధికారి 2020లో తేల్చి చెప్పారు. ఆ ఒక్క మాట రాయించడానికి ఆ కుటుంబం ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది.

ఇదంతా ఎక్కడి నుంచి వచ్చిందో దాచిపెట్టి మాట్లాడలేను. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పరిశ్రమల యుగానికి ముందు పదిలక్షల భాగాల్లో సుమారు 280 భాగాలు ఉండేది. 1958లో హవాయిలోని మౌనా లోవా మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు 315 దగ్గర ఉంది. ఇప్పుడు 420 దాటింది. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం బొగ్గు, చమురు, సహజవాయువు కాల్చడం వల్ల వచ్చింది. వేడి కోసం కాదు అనుకున్నా, వాటిని తగ్గించడానికి వైద్యులకు ఇంకో కారణం ఉంది. ఆ పొగగొట్టాల నుంచే సన్నటి ధూళి కూడా వస్తుంది, నేరుగా ఊపిరితిత్తుల్లోకి, అక్కడి నుంచి రక్తంలోకి. ఇంటి లోపలి పొగ, బయటి కాలుష్యం కలిసి ఏటా సుమారు 70 లక్షల మందిని చంపుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కార్బన్ తగ్గించిన ఫలం భూమి ఉష్ణోగ్రతలో కనబడటానికి దశాబ్దాలు పట్టవచ్చు. గాలి శుభ్రపడిన ఫలం మాత్రం కొద్ది నెలల్లోనే మా వార్డుల్లో కనబడుతుంది.

మీరు ఈ చర్చల్లో ఎక్కడున్నారు? 1992 నాటి వాతావరణ ఒప్పందం మొదటి అధికరణంలోనే ‘మానవ ఆరోగ్యం’ అన్న మాట ఉంది. ఆ ఒప్పందం కింద ఏటా జరిగే సదస్సులో ఆరోగ్యానికంటూ ఒక రోజు కేటాయించింది మాత్రం 2023లో, దుబాయ్‌లో. మధ్యలో ముప్ఫై ఏళ్లు గడిచిపోయాయి. ఆ ముప్ఫై ఏళ్లూ ఇంధన మంత్రులు, ఆర్థిక మంత్రులు మాట్లాడుకున్నారు. ఎవరికి ఎంత నష్టమో అన్న లెక్కలో టన్నులున్నాయి, డాలర్లున్నాయి. చనిపోయినవాళ్లు లేరు.

ఓజోన్ పొర విషయంలో ఇలా జరగలేదు. స్ప్రే డబ్బాల్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్‌లనే రసాయనాలు ఆ పొరను తినేస్తాయని 1974లో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు చెప్పారు. అంటార్కిటికా మీద పొర పలచబడిందని 1985లో తేలింది. 1987లోనే వాటిని అరికట్టే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. పొర పోతే చర్మ క్యాన్సర్లు, కంటి శుక్లాలు పెరుగుతాయన్న మాట ఆ చర్చల్లో గట్టిగా వినబడింది. జబ్బు పేరు చెబితే ఇంట్లో కూర్చున్న మనిషికి కూడా సంగతి ఏమిటో అర్థమవుతుంది. ఆ ఒప్పందంలో ఇప్పుడు ప్రపంచ దేశాలన్నీ ఉన్నాయి. భూతాపం అంతకంటే చాలా పెద్ద చిక్కుముడి అని నాకు తెలుసు. ఇంధనం లేకుండా బతుకు లేదు, స్ప్రే డబ్బా లేకుండా బతకొచ్చు. అయినా, ప్రాణం మాట ఎత్తాల్సినవాళ్లు ఎత్తకపోతే ఇంకెవరు ఎత్తుతారు?

స్విట్జర్లాండ్‌లో పెద్ద వయసు మహిళలు ఎత్తారు. వడగాలులు తమ వయసు ఆడవాళ్లను ఎక్కువగా చంపుతున్నాయని, ప్రభుత్వం తగినంత చేయడం లేదని కోర్టుకెక్కారు. 2024 ఏప్రిల్ 9న యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. ఆ వార్త చదివిన రోజు పైకప్పు కింద గదిలోని పెద్దావిడ నాకు చాలాసేపు గుర్తొచ్చింది.

కాబట్టి నా విన్నపం వినండి. మరణ ధ్రువపత్రంలో అసలు కారణంతో పాటు తోడైన కారణం రాసే చోటు ఇప్పటికే ఉంది. వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ పదో కూర్పులో తీవ్రమైన సహజ వేడికి ఎక్స్ 30 అనే కోడ్ కూడా ఉంది. లేనిదల్లా దాన్ని వాడమని చెప్పే ఆదేశం, వాడటం నేర్పే శిక్షణ. వడగాలుల రోజుల్లో వచ్చే ప్రతి రోగికీ ఒంటి లోపలి ఉష్ణోగ్రత చూసి రాయడం తప్పనిసరి చేయండి. మనిషిని ఏ గది నుంచి తెచ్చారో, ఆ గది ఎంత వేడిగా ఉందో అడగమనండి. వైద్యులు రాయలేనివి గణాంకాలవాళ్లు పట్టుకోగలరు. వేసవిలో రోజువారీ మరణాలను మామూలు సంవత్సరాలతో పోల్చి, వారంలోపే ప్రజల ముందు పెట్టండి. ఆ అంకె చిన్నబుచ్చేదిగా ఉన్నా సరే పెట్టండి. వచ్చే సదస్సుకు మీ దేశ ప్రతినిధుల బృందంలో మీరూ ఉండండి, ఆరోగ్యానికి కేటాయించిన రోజున ఫొటోలకు మాత్రమే కాదు, ఇంధనం గురించి బేరాలాడే గదిలో. బొగ్గు ఎప్పుడు ఆపుతారన్న చర్చ వచ్చినప్పుడు మీ పుస్తకం తెరిచి, గత వేసవిలో మా దేశంలో ఇంతమంది అని చదవండి.

మా ఇంటిని కూడా మేం సర్దుకుంటాం. మత్తుమందుగా వాడే డెస్‌ఫ్లూరేన్ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 2,500 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. స్కాట్లాండ్ ఆసుపత్రులు 2023లోనే దాన్ని మానేశాయి. వేరే మంచి మందులున్నాయి కాబట్టి ఏ రోగికీ నష్టం లేదు. ఇలాంటివి చేయడానికి మాకు మీ అనుమతి చాలు.

పోయిన వేసవి నుంచి నేను పత్రాలు రాసే తీరు మార్చాను. వేడి వల్ల అని నాకు నమ్మకంగా తెలిసినచోట, ఉష్ణోగ్రత వేసి మరీ, ఆ మాటే రాస్తున్నాను. అలా రాసిన ఏడు పత్రాలు ‘ఈ కారణం మా జాబితాలో లేదు, సరిచేసి పంపండి’ అన్న చీటీతో తిరిగొచ్చాయి. మళ్లీ చదివి చూశాను. ఏడింటినీ ఒక్క అక్షరం మార్చకుండా తిరిగి పంపాను.

ఇట్లు,
ఒక అత్యవసర విభాగ వైద్యురాలు